ఎండలు ముదరకముందే ఒక ఆదివారం: ఇంట్లో అగ్గి జాగ్రత్తలు ఎలా చేసుకోవాలి

రాత్రి పడుకునేముందు మీ ఇంటి గేటు తాళంచెవి ఎక్కడ పెడతారు? కిందటేడు మార్చిలో ఈ ప్రశ్న మా ఇంట్లో అడిగితే ముగ్గురం మూడు చోట్లు చెప్పాం. మా ఆవిడ టీవీ కింద సొరుగంది. మావాడు చెప్పుల స్టాండన్నాడు. నా లెక్కలో అది నా ప్యాంటు జేబులో ఉండాలి. వెతగ్గా వెతగ్గా ఫ్రిజ్ మీద ఉల్లిపాయల బుట్టలో దొరికింది. లైట్లన్నీ వెలుగుతుండగా తీరిగ్గా వెతికితేనే నాలుగు నిమిషాలు పట్టింది.

కరెంటు పోయి, ఇల్లంతా నల్లటి పొగ కమ్మితే ఆ నాలుగు నిమిషాలు ఎవరిస్తారు? 2025 మే 18న పొద్దున్నే హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదం గుర్తుండే ఉంటుంది. కింద నగల దుకాణాలు, పైన కాపురం. బయటికి రావడానికి ఇరుకు మెట్లదారి. 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఎక్కువమంది ప్రాణం తీసింది పొగే. అందుకే అగ్గి జాగ్రత్తలంటే అందరూ సిలిండర్‌తో మొదలుపెడతారు గానీ, నేను తాళంతో మొదలుపెడతాను.

ముందు తాళం, దారి

తలుపు పక్కన, పిల్లాడి చెయ్యి కూడా అందే ఎత్తులో ఒక మేకు కొట్టండి. రాత్రి తాళంచెవి దాని మీదే ఉండాలి. దొంగల భయముంటే కిటికీలోంచి చెయ్యి పెట్టినా అందని చోట కొట్టండి, అంతే. దిండు కింద పెట్టుకునే అలవాటు మాత్రం మానేయండి. పొగలో లేచినవాడికి దిండే కనపడదు.

తర్వాత కిటికీలు, బాల్కనీలు చూడండి. పావురాలకీ దొంగలకీ భయపడి మనం బాల్కనీ మొత్తం ఇనుప గ్రిల్ బిగించేస్తాం. బయటివాడు లోపలికి రాలేని గ్రిల్లోంచి లోపలివాడు కూడా బయటికి పోలేడు. మొత్తం పీకించమనడం లేదు. వెల్డింగు అతన్ని పిలిచి ఒక మనిషి దూరేంత ముక్కని బందులతో తెరుచుకునేలా చేయించి, లోపలినుంచి తాళం వేసి, ఆ చెవి కూడా పక్కనే మేక్కి తగిలించండి. మా బాల్కనీకి ఈ పని ఒక్క పూటలో అయిపోయింది. ఇన్నాళ్లూ ఎందుకు చేయించలేదో నాకే తెలీదు.

ఆ తర్వాత గుమ్మం దాటి మెట్ల మీదికి రండి. అక్కడేముంది? పాత సైకిలు, విరిగిన కూలరు, పక్కవాళ్ల అట్టపెట్టెలు. ఇది మాట్లాడటం కొంచెం ఇబ్బందే. "మీ సామాను తీయండి" అంటే గొడవవుతుంది. "అందరం కలిసి ఆదివారం మెట్లు కడుగుదాం" అంటే సామాను దానంతటదే కదులుతుంది. సందులో బండ్లు అడ్డదిడ్డంగా పెడితే ఫైరింజను మలుపు దగ్గరే ఆగిపోతుంది, ఆ సంగతి కూడా ఆ రోజే అందరికీ ఒక మాట అనండి.

వంటగది

రెగ్యులేటర్ కట్టేసి, పొయ్యికీ సిలిండర్‌కీ మధ్య ఉన్న గొట్టాన్ని విప్పి వెలుగులో వంచి చూడండి. వంచిన చోట సన్నటి పగుళ్లు కనపడినా, ముట్టుకుంటే గట్టిపడినట్టున్నా మార్చేయాల్సిందే. ఇప్పుడొచ్చే నారింజ రంగు సురక్షా గొట్టాన్నైనా ఐదేళ్లకోసారి మార్చాలి. ఎప్పటిదో దాని మీదే అచ్చేసి ఉంటుంది. మాది చూస్తే ఏడేళ్లు దాటింది. గొట్టం నిడివి మీటరున్నర దాటకూడదు. గోడలోంచో, అలమర వెనకనుంచో పోకూడదు. ఎలక కొరికినా కనపడేలా బయటే ఉండాలి. జారకుండా చివర్లకి క్లిప్పులు బిగించండి.

సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేలబారున పరుచుకుంటుంది. సిలిండర్‌ని గాలాడని అలమరలో పెట్టి తలుపులు మూసేవాళ్లు ఆ తలుపుల అడుగున జాలీ పెట్టించుకోవాలి.

కొత్త సిలిండర్ వచ్చినప్పుడు పై చట్రాన్ని పట్టి ఉంచే పట్టీల లోపలివైపు చూడండి. ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన రెండంకెల సంవత్సరం రాసి ఉంటుంది. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. బి-27 అని ఉంటే 2027 జూన్ లోపల ఆ సిలిండర్‌ని మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. గడువు దాటింది తెస్తే తీసుకోకండి. తెచ్చినతను వెళ్లిపోకముందే మూత తీయించి, లోపల రబ్బరు వాషరు ఉందో లేదో, చప్పుడేమైనా వస్తోందో చూపించమనండి. తొందరలో ఉన్నానంటాడు. అరనిమిషం పని, ఆగమనండి.

బిగించాక సబ్బునీళ్ల నురగ రాసి చూడండి. బుడగలొస్తే కారుతున్నట్టే. అగ్గిపుల్ల గీసి చూసే పాత తరం మనుషులు ఇంకా ఉన్నారు, మా పెదనాన్న అలాగే చూసేవాడు. ఆయనకేమీ కాలేదు కాబట్టి అదే సరైన పద్ధతని ఇప్పటికీ వాదిస్తాడు.

అర్ధరాత్రి గ్యాసు వాసన వస్తే ఏం చేయాలో వరస గుర్తుపెట్టుకోండి. లైటు వేయకండి. వెలుగుతున్న లైటు ఆర్పనూ ఆర్పకండి, స్విచ్చి ఎటు నొక్కినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. ఎగ్జాస్టు ఫ్యానూ అంతే. రెగ్యులేటర్ కట్టేసి, వీలైతే తీసేసి, సిలిండర్‌కి తెల్లమూత బిగించండి. ఆ మూత దారంతో సిలిండర్‌కే వేలాడుతూ ఉండాలి, తెంపి పారేయకండి. దేవుడి దీపం వెలుగుతుంటే ఆర్పండి. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి అందరూ బయటికి రండి. బయటికొచ్చాకే ఫోను తీసి 1906కి చేయండి. గ్యాసు కారడం కోసమే పెట్టిన నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు మాత్రం పోయొద్దు. నీళ్లు మరుగుతున్న నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెని పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి. పొయ్యి కట్టేసి, మూకుడుకి సరిపోయే పళ్లెం పక్కనుంచి జరుపుతూ మూసేయండి. చల్లారేదాకా మూత తీయకండి, మూకుడు కదపకండి. అందుకే గారెలు వేసే రోజు పక్కన మూత ఉండాలి. పండగ హడావుడిలో నూనె పొయ్యి మీద పెట్టి చుట్టాలొచ్చారని హాల్లోకి పోవడం దగ్గరే సగం ప్రమాదాలు మొదలవుతాయని నా అనుమానం.

కరెంటు

ఎండాకాలం వచ్చేసరికి ఏసీ, కూలరు, ఫ్రిజ్, మోటారు అన్నీ ఒకే తీగల మీద పడతాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ నిండుగా పనిచేస్తే ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఫోను ఛార్జరు పెట్టే చిన్న సాకెట్టు చేసింది ఆరు ఆంపియర్లకి. ఏసీకి, గీజరుకి 16 ఆంపియర్ల సాకెట్టు, మెయిను బోర్డు దాకా వేరే తీగ, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) విడిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఏసీ పెట్టడం, ఆ బాక్సుని పరుపు కింద తోయడం రెండూ చూశాను, ఒకే ఇంట్లో.

పరీక్ష చాలా తేలిక. ఏసీ అరగంట నడిచాక కట్టేసి, ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చన పర్లేదు. కాలుతుంటే లోపల ఎక్కడో వదులైనట్టు. వదులైన చోటే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వదులవుతుంది. సాకెట్టు చుట్టూ పసుపుగా మారినా, చేపల వాసనలాంటి వాసన వస్తున్నా ఆ రోజే వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

పాత ఇళ్లల్లో ఇంకా పింగాణీ ఫ్యూజులున్నాయి. మాటిమాటికీ పోతోందని ఫ్యూజు వైరు బదులు మామూలు రాగితీగ నాలుగు పోగులు చుట్టేస్తారు. అప్పుడు ఫ్యూజు కాలదు, గోడలో తీగ కాలుతుంది. ఎంసీబీ పదేపదే పడిపోతున్నా అంతే, పెద్దది మార్చేస్తే సరిపోదు, ఎందుకు పడుతోందో చూడాలి. మెయిను స్విచ్చి ఎక్కడుందో, ఎటు నొక్కాలో ఇంట్లో అందరికీ, పదేళ్లు దాటిన పిల్లలకి కూడా చూపించండి.

ఎలక్ట్రిక్ బండి ఉన్నవాళ్లకి ఒక మాట. 2022 ఏప్రిల్లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇంట్లో పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. బ్యాటరీని పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోకండి. మెట్ల కింద కూడా వద్దు, అక్కడ అంటుకుంటే పైవాళ్లందరికీ దారి మూసుకుపోతుంది. 2022 సెప్టెంబర్లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూం అంటుకుంటే పొగ మెట్లదారిన పైకెక్కి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. ఎండలో తిరిగొచ్చిన బండి చల్లబడ్డాక, దానితో వచ్చిన ఛార్జర్‌తోనే, మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకోండి. బ్యాటరీ ఉబ్బినా, కిందపడి దెబ్బతిన్నా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు.

ఊళ్లో పాక, గడ్డివాము

మా అమ్మ ఊళ్లోనే ఉంటుంది. డాబా ఇల్లే గానీ వెనక తాటాకు పాక, అందులో గేదె, దూడ. ఫిబ్రవరి దాటాక ఆకు ఎండి పెళుసెక్కుతుంది. గాలి లేచిందంటే ఒక పాక అంటుకున్న వీధిలో వరసగా నాలుగు పోతాయి. పల్లెలో అగ్గికి ఒక కారణం పొయ్యిలో బూడిద. పైకి చల్లగా కనపడుతుంది, లోపల కణికలు తెల్లారేదాకా బతికే ఉంటాయి. దాన్ని పెంటకుప్ప మీద పోస్తారు, మధ్యాహ్నం గాలికి రాజుకుంటుంది. బూడిద ఎత్తేముందు చెంబెడు నీళ్లు పోసి కర్రతో కలపండి. చుట్ట, బీడీ కాల్చే పెద్దవాళ్లకి పాక బయట నీళ్లు పోసిన చట్టి ఒకటి పెట్టండి. మానమంటే మానరు, చట్టిలో వేయమంటే వేస్తారు.

గడ్డివాము ఇంటికీ పాకకీ దూరంగా, కరెంటు తీగల కింద కాకుండా వేయించండి. గాలికి తీగలు రెండూ రాసుకుంటే రవ్వలు రాలతాయి, వాటి కింద వాము ఉంటే ఇంకేముంది. తీగలు వేలాడుతుంటే లైన్‌మన్‌కి నోటిమాటగా చెప్పి వదిలేయకుండా 1912కి ఫిర్యాదు చేయండి.

పశువుల సంగతి ఎవరూ రాయరు. మంటకి బెదిరిన గేదె గుంజుతుంటే పలుపు ముడి బిగుసుకుపోతుంది, ఆ కంగారులో విప్పడం ఎవరి వల్లా కాదు. రోజూ కట్టేటప్పుడే కొస లాగితే ఊడే జారుముడి వేయండి. పాక గుమ్మానికి బయటివైపు ఒక కొడవలి చెక్కి ఉంచండి, కోసి వదిలేయడానికి. పక్కన రెండు గోలేల నీళ్లు, ఒక ఇసక కుప్ప, ఆకు లాగేయడానికి పొడుగాటి కొక్కెం వెదురు. వెనకటికి వేసవిలో ఇవన్నీ వీధివీధికీ ఉండేవట. "డాబాలొచ్చాక అందరికీ ధైర్యం వచ్చేసిందిరా" అంటుంది అమ్మ.

మిగతా కాలాలవి గబగబా చెప్పేస్తాను. దేవుడి గదిలో కర్పూరం, దీపం కిటికీ తెరలకి దూరంగా ఉండాలి, దీపం కింద పళ్లెం ఉండాలి. దీపావళికి నూలుబట్టలు, ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసక. కాలిన కాకరపువ్వొత్తి తీగ నీళ్లలోనే వేయించండి, నేలమీద పారేస్తే ఎవరో ఒకరు తొక్కుతారు. పేలని టపాసు దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. దోమలచుట్ట మంచం కింద పెట్టొద్దు. చలికాలం మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే అంటుకోకపోయినా ప్రాణం పోతుంది. ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు.

మంటలార్పే సిలిండర్ కొనాలా?

కొనొచ్చు. ఇంటికి ఏబీసీ పొడి (చెక్క, పెట్రోలు, గ్యాసు మంటలు మూడింటికీ పనికొచ్చేది) ఉన్నది, రెండు నుంచి నాలుగు కిలోలది, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి. పొయ్యి పక్కన పెట్టకండి, పొయ్యే అంటుకుంటే అది అందదు. వంటగది గుమ్మం బయట గోడకి తగిలించండి. నెలకోసారి ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూడాలి. వాడటం నాలుగు ముక్కలు: పిన్ను లాగాలి, మంట మొదలుకి గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. చిన్నది పదీ పదిహేను సెకన్లకి మించి రాదు. అందుకని అది చెత్తబుట్టంత మంటకే. మంట మీ నడుమెత్తు దాటిందంటే దాన్ని వదిలేసి బయటికి రండి. వీపు ఎప్పుడూ తలుపు వైపే ఉండాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయినందుకు గుర్తుగా. ఆ వారం సిబ్బంది బళ్లకీ కాలనీలకీ వచ్చి ఇవన్నీ చేసి చూపిస్తారు. మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కి వెళ్లి మా కాలనీకి రమ్మని అడగండి.

అంటుకుంటే

ముందు కేక. మిగతావాళ్లు లేవాలి. తర్వాత వీలైతే మెయిను ఆపి, అందరూ బయటికి. తలుపు తీసేముందు అరచేతి వెనకవైపుతో తాకి చూడండి, కాలుతుంటే అవతల మంట ఉన్నట్టు, వేరే దారి చూసుకోవాలి. పొగలో నిలబడి నడవకండి, మోకాళ్ల మీద పాకండి, మంచి గాలి కిందే ఉంటుంది. ముక్కుకి తడిగుడ్డ మసిని కొంత ఆపుతుంది గానీ విషవాయువుని ఆపదు. దాన్ని నమ్ముకుని లోపల ఆగిపోవద్దు. లిఫ్టు ఎక్కొద్దు. వచ్చేటప్పుడు మీ వెనక తలుపులు దగ్గరికి వేసుకుంటూ రండి, మంట పాకడం ఆలస్యమవుతుంది. బంగారం కోసం, ఫోను కోసం మళ్లీ లోపలికి పోవద్దు.

బయటికి రాలేకపోతే వీధివైపు గదిలో తలుపు వేసుకుని, సందుల్లో తడి దుప్పట్లు కుక్కి, కిటికీలోంచి గుడ్డ ఊపుతూ అరవండి.

101కి గానీ 112కి గానీ ఫోను చేయండి. ఇల్లు ఏ సందులో, పక్కన ఏ గుడి, ఏ స్కూలు, ఎన్నో అంతస్తు, లోపల ఎవరైనా ఉన్నారా, ఇవి చెప్పి, వాళ్లు పెట్టేయమనేదాకా పెట్టేయకండి. ఒకరిని రోడ్డు మొదట్లో నిలబెట్టండి. మా వీధిలో ఒకసారి ఇంజను మా ముందునుంచే పక్క కాలనీకి పోయి తిరిగొచ్చింది.

ఒంటికి అంటుకుంటే పరుగెత్తనివ్వకండి. పడుకోబెట్టి దొర్లించండి, నూలు దుప్పటో బొంతో కప్పండి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. ఇక్కడొక చిక్కు: మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు సలసలా కాగి వస్తాయి. కుళాయి కింద చెయ్యి పెట్టేముందు చూసుకోండి, లేకపోతే బిందెలో నీళ్లు, కుండలో నీళ్లు వాడండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న ఏవీ వద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయండి. ఒంటికి అతుక్కున్న గుడ్డని పీకొద్దు. శుభ్రమైన నూలుబట్ట వదులుగా కప్పి 108కి చేయండి.

ఆ తర్వాత కాగితాలు

ఇది ముందే చేసుకునే పని. పట్టాదారు పాసుపుస్తకం, రిజిస్ట్రేషన్ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఒక్క సంచిలో, తలుపుకి దగ్గరి అలమరలో పెట్టండి. ఫొటోలు తీసి ఊళ్లో లేని తమ్ముడికో అక్కకో కూడా పంపండి.

ప్రమాదం జరిగితే ఫైర్ స్టేషన్‌లో రిపోర్టు అడగండి, పోలీసు స్టేషన్‌లో, తహసీల్దారు ఆఫీసులో రాసివ్వండి. గ్యాసు వల్లయితే డీలరుకి వెంటనే కాగితం మీద తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి. గ్యాసు కంపెనీలు వినియోగదారుల తరఫున బీమా కడతాయి, మనం విడిగా కట్టేదేమీ ఉండదు. మనిషి పోతే ఆరు లక్షల దాకా, కనెక్షన్ ఉన్న చిరునామాలో ఆస్తి నష్టానికి రెండు లక్షల దాకా, వైద్యానికి మనిషికి రెండు లక్షల దాకా వస్తుంది. ఇల్లు మారినా చిరునామా మార్పించుకోనివాళ్లు ఆ పని రేపే చేయించుకోవాలి. ఐఎస్ఐ గుర్తు లేని పొయ్యి, గొట్టం వాడితే అక్కడే పేచీ పెడతారు, కాబట్టి కొన్న బిల్లులు కూడా ఆ సంచిలోనే పడేయండి. ఇక అధికారులొచ్చి చూసి ఫొటోలు తీసుకునేదాకా, బాధ ఎంతున్నా, గోడల మీద మసి కడగొద్దు.